ఎవరూ వేయని బదిలీ

పోయిన ఆదివారం మా అమ్మాయి సాహితి ఇక్కడే సిడ్నీలో ఉన్న రౌస్ హిల్ నుంచి భోజనానికి వచ్చింది. దోసకాయ పప్పు కలుపుకుంటూ, కంచంలోకే చూస్తూ, తనను రెండేళ్ళ పాటు పడమటి జిల్లాలకు వెళ్తావా అని అడుగుతున్నారని చెప్పింది. రాష్ట్ర ఆరోగ్య శాఖలో తనది కొత్త ఉద్యోగం. "బేసికల్లీ పనిష్మెంట్ పోస్టింగ్ అమ్మా," అంది. ఈ దేశంలోనే పుట్టి పెరిగిన పిల్లకి ఆ మాట ఎవరు నేర్పారో నాకు తెలీదు, రక్తంలో వచ్చి ఉంటుంది. వాళ్ళ నాన్న పప్పు గిన్నె పక్కకు జరిపి, ఆ వంశంలో ఇలాంటి కబురుకి అందరూ అడిగే మొదటి ప్రశ్నే అడిగారు. ఏ ఊరు అని కాదు, ఏం పని అని కాదు, "ఎప్పుడు రిలీవ్ చేస్తారు?" అని. నాకు నవ్వూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. కెల్లీవిల్‌లో ఈ ఇల్లు, ఈ వంటగది, ఇవన్నీ ఒక్క క్షణం పక్కకు తప్పుకుని, ఎర్రమట్టి దుమ్ము వాసన వేసే మెరింగల్ కళ్ళ ముందుకొచ్చింది.

మెరింగల్ కథ చెప్పాలంటే ముందు మా మామగారి గురించి చెప్పాలి. ఆయన తాసిల్దారుగా మొదలుపెట్టి ఆర్డీఓగా రిటైరయ్యారు. ఆ రెంటికీ మధ్య ఆంధ్రదేశంలో ఆయన నీళ్ళు తాగని తాలూకా తక్కువ. ఆ సంసారం నడిచే తీరే వేరని పెళ్ళయిన కొత్తలోనే నాకు అర్థమైంది. అత్తయ్యగారు కందిపప్పు నెలకు మించి కొనేవారు కాదట. గోడకి మేకు కొట్టనిచ్చేవారు కాదట, వెళ్ళేటప్పుడు చిల్లు పూడ్చి సున్నం వేయించాలి కనుక. పెరట్లో బెండ, గోంగూర, తోటకూర, అంతే. మామిడి మొక్క నాటిన పాపాన పోలేదు, నాటినా కాయ తినేది తర్వాత వచ్చే ఆఫీసరుగారి పిల్లలే కదా. ఆవకాయ జాడీకి మాత్రం గడ్డి చుట్టి, చంటిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని, సామాన్ల లారీలో డ్రైవరు పక్కన కూర్చునేవారట. మా ఆయన చదివిన బళ్ళన్నీ వరసగా చెప్పమంటే ఇప్పటికీ మధ్యలో తడబడతారు.

ఆ ఇంట్లో ఒక్కటే నిషేధం. బదిలీ ఆపమనో, ఫలానా ఊరు వేయమనో ఎవరినీ అడగకూడదు. అది పైరవీ. పైరవీ చేసి పోస్టింగు తెచ్చుకున్న తోటి ఆఫీసరు ఎవరైనా ఇంటికి వస్తే, మామగారు కాఫీ ఇప్పించేవారు కానీ గుమ్మం దాకా వచ్చి సాగనంపేవారు కాదట. గవర్నమెంటు ఎక్కడ వేస్తే అదే మన ఊరు, తాగే నీళ్ళూ పలకరించే మనుషులూ ఎక్కడైనా ఉంటారు, అనేవారు. ఈ మాటలు వింటూ పెరిగిన మనిషినే నేను చేసుకున్నాను. మా నాన్నదీ బ్యాంకు ఉద్యోగమే, మాకూ మూడేళ్ళకోసారి సామాన్లు కట్టడం అలవాటే. దొందూ దొందే అన్నమాట.

మా ఆయన నీటిపారుదల ఇంజనీరు. ఈ దేశం వచ్చాక రాష్ట్ర జల శాఖలో ఆయనకు ఉద్యోగం దొరికింది. సిడ్నీలో కాదు, తెల్లారుజామున బయలుదేరితే సాయంత్రానికి చేరే మెరింగల్‌లో. పత్తి పొలాలు, గోధుమ పొలాలు, గొర్రెలు, మధ్యలో కోపమొస్తే ఊరంతా ముంచే ఒక ఏరు. ఆ ఏటికి ఊరి చుట్టూ కరకట్ట వేయించడం ఆయన పని. నేను లెక్కల్లో ఎమ్మెస్సీ. పెళ్ళి కుదిరాక అమీర్‌పేటలో, ఫ్యాను తిరగని గదిలో, మోకాలికి మోకాలు తగిలే బెంచీల మీద కూర్చుని కోబాల్ నేర్చుకున్నాను. పాతకాలపు కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లో రాసుకున్నాయని, రెండువేలు రాగానే వాటికి మతిపోతుందని, సరిచేయడానికి ఆ పాత భాష వచ్చినవాళ్ళు కావాలని లోకమంతా వెతుకుతున్న రోజులవి. ఆ చదువు చేతిలో పెట్టుకుని నేను గొర్రెల మధ్యకు పోయాను.

"మూడేళ్ళే పద్మా. ఆ తర్వాత సిడ్నీ వేస్తారు," అన్నారు మా ఆయన. ఎవరు వేస్తారని నేను అడగలేదు. అడగాలని తోచను కూడా లేదు. పొద్దున సూర్యుడొస్తాడంటే ఎవరు తీసుకొస్తారని అడుగుతామా?

అలా మేము మెరింగల్‌లో క్యాంపు వేసినట్టు బతికాం. వచ్చిన అట్టపెట్టెలు మడిచి బీరువా వెనక పెట్టాను. అద్దె ఇంట్లో ఒక్క పటం తగిలించలేదు. పెరట్లో గోంగూర, బెండ వేశాను. పక్కింటి మార్గరెట్ ఆంటీ ఒకరోజు నిమ్మ మొక్క తెచ్చిస్తే, అది కాపుకొచ్చేసరికి మేముండమని చెప్పి, మర్యాదగా తిరిగిచ్చేశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. పత్తి కోతల రోజుల్లో రోడ్ల పక్కన తెల్లటి పీచు ఎగిరేది, గాలి తిరిగితే పత్తిగింజల నూనె వాసన, వాన చినుకు పడితే ఎర్రమట్టి వాసన. కరివేపాకు కోసం నెలకోసారి ప్రాణం కొట్టుకునేది. నా స్నేహితురాలు లలిత సిడ్నీలోని హారిస్ పార్క్ నుంచి పార్సిల్లో పంపితే, దారిలో వాడిపోయి నల్లగా వచ్చేది. దాన్నే నూనెలో వేసి, కళ్ళు మూసుకుని వాసన పీల్చేదాన్ని. పగలు లైబ్రరీకి వెళ్ళి పిల్లలకు ఊరికే లెక్కలు చెప్పేదాన్ని.

ఆదివారాలు లలిత ఫోన్ చేసేది. తనూ నేనూ ఒకే బెంచీ మీద కోబాల్ నేర్చుకున్నాం, పరీక్షలో నా పక్కన కూర్చుని రాసింది. అప్పటికి తను ఆ పక్కనే పారమట్టాలో పెద్ద ఆఫీసులో చేస్తోంది. మీ బదిలీ సంగతేమైందే అని అడిగేది, వచ్చే జూన్ అనేదాన్ని. ఇక్కడ ఆర్థిక సంవత్సరం జూన్‌తో ముగుస్తుందని తెలిసినప్పుడు మా ఆయన మొహం ఎంత వెలిగిపోయిందో నాకింకా గుర్తే. మన దగ్గర బదిలీలు ఎండాకాలంలో, ఇక్కడ చలికాలంలో, అంతే తేడా అని తేల్చేశారు. మూడో జూన్ వచ్చింది, పోయింది. ఫైలు కదులుతూ ఉంటుందిలే అన్నారు. ఆఫీసు నుంచి ఆయన వచ్చే చప్పుడు వినగానే నేను స్టవ్ తగ్గించి, మొహం చూసేదాన్ని. కట్ట గురించి చెప్పేవారు. మట్టి గురించి చెప్పేవారు. బదిలీ గురించి ఏమీ ఉండేది కాదు.

అప్పుడే మా మామగారు ఆరు నెలలకని వచ్చారు. అత్తయ్యగారు పోయిన మరుసటి ఏడది. ఆయన వచ్చిన మర్నాడే పొద్దున ఆరింటికి ఇస్త్రీ చొక్కా, బూట్లు వేసుకుని హాల్లో కూర్చున్నారు. ఎక్కడికండీ మామయ్యగారూ అంటే, కలెక్టరుగారిని మర్యాదకు కలిసిరావాలి కదమ్మా అన్నారు. కొత్త ఊళ్ళో అడుగుపెడితే ముందు చేసే పని అదే ఆయనకు. ఇక్కడ కలెక్టరు ఉండడని మా ఆయన చెప్పారు. మామగారు నమ్మలేదు. మరి జిల్లాకు పెద్ద ఎవరని అడిగారు. పోలీసులు ఒకరికి చెప్పుకుంటారు, బడి ఇంకొకరికి, ఆస్పత్రి మరొకరికి, నీళ్ళు మాకు, అందరికీ పైన సిడ్నీ అని మా ఆయన వివరించారు. మేయరున్నాడు కానీ ఆయన ట్రాక్టర్లు అమ్ముకుంటాడు. మామగారు, "మరి వరదొస్తే జనం ఎవర్ని తిడతారురా?" అన్నారు.

ఆ రోజు నుంచి ఊరికి కలెక్టరు లేని లోటు ఆయనే తీర్చారు. సాయంత్రం నడక పేరుతో తూములు, కాలవలు, బడి గోడలు తనిఖీ చేసేవారు. పోస్టాఫీసు ముందు బెంచీ మీద కూర్చుంటే టోపీలు పెట్టుకున్న రైతులు వచ్చి పక్కన కూర్చునేవారు. ఆయన ఇంగ్లీషు వాళ్ళకు సగమే అర్థమయ్యేది, వాళ్ళ ఇంగ్లీషు ఈయనకు పావు కూడా కాదు. అయినా గంటలు గడిచేవి. మా ఆయన పై అధికారి కీత్ నిక్కరు వేసుకుని, మోకాళ్ళ దాకా మేజోళ్ళు లాక్కుని తిరిగేవాడు. అతనే ఆఫీసరని నమ్మడానికి మామగారికి రెండు వారాలు పట్టింది.

ఆయన కళ్ళకు కనపడినవి మూడేళ్ళున్న మాకు కనపడలేదు. ఆస్పత్రిలో డాక్టరు కుర్చీ సగం రోజులు ఖాళీ. బళ్ళో టీచర్లంతా పాతికేళ్ళ లోపు పిల్లలు, సంతకం పెట్టినన్నాళ్ళూ చేసి సముద్రం వైపు పారిపోయేవాళ్ళు. ఆఫీసు గదుల మీద పేర్ల పక్కన సగానికి సగం తాత్కాలికం అని రాసుంది. ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆయన నాతో అన్నారు. మన దగ్గర మనుషుల్ని ఒకచోట ఉండనివ్వరమ్మా, ఇక్కడ మనుషులు రానే రారు. మన దగ్గర అడవిలో ఉన్న ఊరికైనా తిట్టుకుంటూనో ఏడుస్తూనో ఒక ఆఫీసరు వస్తాడు, ఆర్డరు కనుక. కానీ వాడు పెట్టె విప్పేలోగా ఇంకో ఆర్డరు వస్తుంది. ఇక్కడ ఎవర్నీ బలవంతంగా పంపరు, అందుకే కుర్చీలు ఖాళీ. కానీ ఉన్నవాడు మాత్రం పని చివరిదాకా చూస్తాడు. రెంట్లో ఏది మంచిదో నాకు తెలీదు కానీ, దేశం అనేది రాజధానిలో తయారవదమ్మా, ఇదిగో ఇలాంటి చోట ఎవరో ఒకరు కూర్చుంటేనే తయారవుతుంది.

ఈనెలు తీస్తూనే శ్రీకాకుళం వైపు ఒక కొండ ఊరి సంగతి చెప్పారు. ఆడవాళ్ళు బిందెలతో కొండ దిగి నీళ్ళు మోసుకెళ్తుంటే చూడలేక, తిరగని ఆఫీసు లేకుండా తిరిగి ట్యాంకు కట్టించారట. పైపులు వేసే నెలలో బదిలీ. ఏళ్ళ తర్వాత ఆ దారిన పోతూ జీపు ఆపించి చూస్తే, ట్యాంకు అలాగే ఉంది, ఒక్క చుక్క నీరు ఎక్కలేదు. ఆడవాళ్ళు ఇంకా కొండ దిగుతూనే ఉన్నారు. తర్వాత వచ్చినాయన మంచివాడే, ఆయన పథకాలు ఆయనకున్నాయి, అన్నారు. మామగారి మీద నాకు అంత ప్రేమ అంతకు ముందెప్పుడూ పుట్టలేదు.

రెండువేలకు ఇంకా అయిదారు నెలలుందనగా ఒక ఆదివారం లలిత ఫోన్లో మామూలుగా మాట్లాడలేదు. మా ఆఫీసులో ఇప్పుడు తీసుకుంటున్నారు, డిసెంబరు దాటితే కోబాల్ వచ్చినవాళ్ళని ఎవరూ అడగరు, ఈ బస్సు మళ్ళీ రాదే పద్మా, అంది. ఫోన్ పెట్టేసి బట్టలుతికే గదిలోకి వెళ్ళి, మెషిన్ తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. నాకొచ్చిన ఒకే ఒక్క విద్య, దానికి తేదీ వేసినట్టు అయిపోతోంది. మెషిన్ ఆగినా నా ఏడుపు ఆగలేదు. గుమ్మంలో మామగారు టవలు పట్టుకుని నిలబడి ఉన్నారు.

సాయంత్రం కొడుకుని కూర్చోబెట్టి, ఎప్పుడైనా బదిలీ అడిగావట్రా అన్నారు. మా ఆయన తలెత్తకుండా, "మీరెప్పుడైనా అడిగారా నాన్నగారూ?" అన్నారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మామగారు ఆ పూట కాఫీ తాగలేదు.

మర్నాడు కోటు వేసుకుని, నన్ను కూడా రమ్మని, జల శాఖ ఆఫీసుకు నడిచారు. జీవితంలో ఆయన చేసిన మొదటి పైరవీ అది. కీత్ ముందు కుర్చీలో నిటారుగా కూర్చుని, "సర్, ఐ హావ్ కమ్ టు మేక్ ఎ రిప్రజెంటేషన్," అని మొదలుపెట్టారు. తన కొడుకు మూడేళ్ళు నిండా పనిచేశాడనీ, కోడలు చదువుకున్నదనీ, దయచేసి ఆ కుటుంబాన్ని సిడ్నీకి వేసే విషయం పరిశీలించమనీ విన్నవించుకున్నారు. ఆయన అలా బతిమాలుతుంటే నాకు నేలలోకి పోవాలనిపించింది. కీత్ అయోమయంగా నన్ను చూశాడు, ఆయన్ని చూశాడు. ఎక్కడికి వేయడం, ఎవరు వేయడం అన్నాడు. ఈ ఉద్యోగానికి మీవాడే దరఖాస్తు పెట్టుకున్నాడు, ఇది అతనిది, రిటైరయ్యేదాకానో మా మొహాలు చూసి విసుగు పుట్టేదాకానో ఉండొచ్చు, మేమెవర్నీ ఎక్కడికీ పంపం. సిడ్నీ కావాలంటే పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టుకోవడమే.

అంటే, ఈ దేశంలో ఎవరూ రాయని ఒక ఆర్డరు కోసం మేము మూడేళ్ళు కాచుకు కూర్చున్నాం. నాకు ముందు నవ్వొచ్చింది. ఆపుకోలేక చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. కీత్‌కి అప్పుడు నా మీద చూపు పడి, మీరేం చదివారని అడిగాడు. చెప్పాను. అతను కుర్చీలో ముందుకు వంగాడు. ఊరి కౌన్సిల్‌లో నీటి పన్నులూ పంపుల లెక్కలూ అన్నీ ఆ పాత భాషలోనే ఉన్నాయనీ, సిడ్నీ నుంచి పిలిచినవాళ్ళు పొద్దున విమానంలో వచ్చి సాయంత్రం విమానానికి పోతున్నారనీ, మూడేళ్ళుగా మీరు ఈ వీధిలోనే ఉన్నారా అనీ అన్నాడు. కౌన్సిల్‌కి ఫోన్ కలిపాడు. నేను ఈ ఊళ్ళో ఉన్నట్టు ఊరికి తెలీదు. ఊరికి నా అవసరం ఉన్నట్టు నాకూ తెలీదు.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. ఇప్పుడు నిర్ణయం మాది. మా రెండు కుటుంబాల్లో తరాలుగా ఎక్కడుండాలో ఎవరూ ఎంచుకోలేదు, కాగితం చెప్పింది, మేము కట్టుకుని వెళ్ళాం. మా ఆయన మంచం అంచున కూర్చున్నారు. కట్ట సగంలో ఉందని ఆయన అనలేదు, అనక్కర్లేదు కూడా. ఆ రాత్రి, "నీకెక్కడ ఉండాలనుంది పద్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నకి జవాబు ఎలా చెప్పాలో నాకెవరూ నేర్పలేదు. రాత్రంతా ఆలోచించి, పొద్దున బియ్యం కడుగుతూ చెప్పాను. "కౌన్సిల్లో చేరతాను. కట్ట పూర్తయ్యేదాకా ఉందాం. అప్పుడు మళ్ళీ నన్నే అడగండి."

అడిగారు. ఆ మాట తప్పలేదు, అందుకే ఆయనతో ఇన్నేళ్ళు కాపురం చేశాను. రెండువేల సంవత్సరం జనవరి ఒకటిన కుళాయి తిప్పితే నీళ్ళొచ్చాయి. ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు, నేనొక్కదాన్నే ఆ నీళ్ళ కింద చేయి పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. కోబాల్ అయిపోయాక కౌన్సిల్ నన్ను పొమ్మనలేదు, ఇంకో పని నేర్పింది. కట్ట అయింది. సాహితి అక్కడే పుట్టింది. తను హైస్కూలుకొచ్చిన ఏడు ఆయన అడిగినప్పుడు సిడ్నీ అన్నాను, వచ్చేశాం. తర్వాత మా ఆయన కుర్చీకి ఎన్నిసార్లు ప్రకటన వేసినా ఎవరూ రాలేదని, తాత్కాలికం వాళ్ళతోనే నడిపిస్తున్నారని విని ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏరు ఒక ఏడు పొంగింది. కట్ట ఆపింది. ఆ సంగతి మార్గరెట్ ఆంటీ ఫోన్ చేసి చెప్పింది.

మేమీ దేశం వచ్చినప్పుడు హారిస్ పార్క్‌లో ఇన్ని మిఠాయి కొట్లు లేవు, మేమున్న ఈ కెల్లీవిల్ చాలామటుకు గడ్డి మైదానం. ఇప్పుడు కరివేపాకు రైలు దిగితే దొరుకుతుంది. ఆ దూరపు ఊళ్ళలో కుర్చీలు మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నాయి, నా కూతురు అందుకే ముఖం ముడుచుకుని కూర్చుంది. ఇష్టపడి ఉన్నవాడే ఊరికి మేలు చేస్తాడని తేల్చేయాలని ఉంటుంది నాకు. కానీ మా మామగారు ఆర్డరు మీద వెళ్ళిన ప్రతి ఊరినీ ప్రేమించారు, ఆ కొండ ఊరిని చచ్చేదాకా మరచిపోలేదు. పంపేవాడూ ఉండాలి, ఉండనిచ్చేవాడూ ఉండాలి. ఈ రెండూ ఒకేచోట ఉన్న దేశం నేనింకా చూడలేదు. సాహితికి వెళ్ళమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. వాళ్ళ నాన్న ఏదో చెప్పబోతే కళ్ళతోనే ఆపాను. నీకేం చేయాలనుందని మాత్రం అడిగాను. ఆలోచించుకుని చెప్తానంది.

ఎందుకు అలా అడిగానంటే, మామగారు తిరుగు ప్రయాణమైన రోజు నాకెప్పుడూ గుర్తొస్తుంది. మా ఆయన కారు నిలపడానికి వెళ్ళారు. విమానాశ్రయంలో మేమిద్దరమే బల్ల మీద కూర్చున్నాం. ఆయన ఉన్నట్టుండి, మీ అత్తయ్య టీచరు ట్రైనింగు పూర్తిచేసిందని నీకు తెలుసా అన్నారు. నాకు తెలీదు. మా ఆయనకూ తెలీదని తర్వాత తెలిసింది. ప్రతి ఊళ్ళోనూ ఏదో ఒక బడిలో చేరేది, పిల్లల పేర్లు నోటికొచ్చేసరికి నాకు ఆర్డరు వచ్చేది, తర్వాత్తర్వాత చేరడం మానేసింది, అన్నారు.

"నేను మా పైవాళ్ళని ఏదీ అడగలేదని గర్వంగా చెప్పుకునేవాణ్ణమ్మా. ఆవిణ్ణి కూడా ఏదీ అడగలేదు. ఆ రాత్రి మావాడు నిన్ను అడిగినప్పుడు నేను పక్క గదిలో మెలకువగానే ఉన్నాను. నీకెక్కడ ఉండాలనుంది అనే మాట, మా ఇంట్లో వినడం నాకదే మొదటిసారి."